ఆ కెమెరాను తీసేయండి

అమ్మా,

ఆశీస్సులు. మీరు పంపిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, అక్షర దోషాలు లేవు. అయితే ఇంత వెంటనే జవాబు రాయడానికి కారణం మీ మొదటి వాక్యం. “మానవ నేత్రం ప్రకృతి మనకిచ్చిన అత్యుత్తమ కెమెరా, అది తీసిన చిత్రాలను మెదడు అనే తెర మీద మనం చూస్తాం” అని మొదలుపెట్టారు. ఇంద్రియాల గురించి తెలుగులో రాయబూనిన వారిలో చాలామంది ఈ వాక్యంతోనే మొదలుపెట్టడం, సంపాదకులు దాన్ని ముచ్చటపడి అచ్చు వేయడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. దయచేసి ఆ కెమెరాను తీసేయండి. అది అక్కడ ఉన్నంతసేపూ దాని కింద మీరు రాసిన మంచి విషయాలేవీ పాఠకుడి తలకెక్కవు.

మెదడులో తెర ఉందంటే దాని ముందు కూర్చుని చూసేవాడొకడు ఉండాలి. వాడికి మళ్లీ కళ్లుండాలి, ఆ కళ్ల వెనక ఇంకో తెర ఉండాలి. ఇలా ఎంత లోపలికి వెళ్లినా చూడటమంటే ఏమిటో తేలదు. బయటి ప్రపంచపు బొమ్మ కంటి వెనక ఉండే రెటీనా అనే పొర మీద తలకిందులుగా పడుతుందని 1604లో నిరూపించిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కే ఈ చిక్కు తెలుసు. బొమ్మ రెటీనా దాకా ఎలా వస్తుందో తాను చెప్పగలననీ, అక్కడి నుంచి లోపల ఏమవుతుందో తత్త్వవేత్తలే తేల్చుకోవాలనీ చెప్పి ఆయన నిజాయితీగా తప్పుకున్నాడు. నాలుగు శతాబ్దాల తర్వాత, ఆయన ఆగినచోట మనం ఒక తెర కట్టేసి చేతులు దులుపుకుంటే ఎలా?

మీ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఒక్కో కంటి రెటీనాలో మసక వెలుగులో పనిచేసే దండ కణాలు సుమారు 12 కోట్లు, రంగులు పట్టే శంకు కణాలు 60 లక్షలు ఉన్నాయనీ, కంటి నుంచి మెదడుకు వెళ్లే నాడిలో తంతువులు సుమారు 10 లక్షలేననీ మీరే రాశారు. రాసి, ఏమీ జరగనట్టు పక్క పేరాలోకి వెళ్లిపోయారు. అన్ని కోట్ల కణాలు పట్టుకున్న వెలుగు వివరమంతా పది లక్షల దారుల్లో ఇమడాలంటే వడపోత కంటిలోనే మొదలై తీరాలి కదా? ఇంకో ముఖ్యమైన సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. ఆ నాడి మెదడు నడుమ ఉండే థాలమస్ అనే భాగంలో మజిలీ చేసే చోట, అక్కడి కణాలకు అందే నాడీ సంధానాల్లో కంటి నుంచి వచ్చేవి సుమారు పదో వంతు మాత్రమే. మిగిలిన వాటిలో పెద్ద భాగం మెదడు పైపొర నుంచి కిందికి దిగివచ్చేవి. చూపు కంటి నుంచి మెదడుకు ఒకే దిశలో సాగే వ్యవహారమైతే ఈ ఏర్పాటు అవసరమే లేదు. మెదడు ముందుగా ఒక అంచనా వేసుకుని, కన్ను పంపే కొద్దిపాటి ఆధారంతో దాన్ని సరిచూసుకుంటూ, తప్పినచోట దిద్దుకుంటూ ఉంటుందన్న ఆలోచనకు ఇది బలమిస్తుంది. ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. చూడటంలో మనకు తెలియకుండానే తీర్పు చెప్పడం కూడా కలిసి ఉందని పదకొండో శతాబ్దంలో అరబ్ పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ గుర్తించాడు. మనకు తెలియకుండా లోపల జరిగిపోయే తర్కమే చూపు అని 1867 నాటికి జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త వివరంగా రాశాడు.

ఇప్పుడు నా మొండి పట్టుదల ఒకటి చెబుతాను, నచ్చకపోయినా వినండి. ఇంద్రియాల గురించి రాసేటప్పుడు పోలిక తేకండి, పరీక్ష పెట్టండి. నక్షత్రాల గురించి రాసేవాడికి పోలిక తప్పదు, ఎందుకంటే పాఠకుడు నక్షత్రాన్ని చేత్తో పట్టుకోలేడు. మన విషయంలో మాత్రం చూడవలసిన వస్తువు, చూసే సాధనం, చూసే మనిషి, ముగ్గురూ పత్రిక పట్టుకుని కుర్చీలో కూర్చునే ఉన్నారు. అటువంటప్పుడు ఎక్కడో ఉన్న కెమెరాను, కంప్యూటర్‌ను, తపాలా కార్యాలయాన్ని పిలుచుకు రావడం సోమరితనమే.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో, ఒక వారపత్రికకు అంధ బిందువు మీద, అంటే కంటిలో చూపు లేని చిన్న చోటు మీద, వ్యాసం రాశాను. ఒక ఇంటూ గుర్తు, దానికి కుడివైపు కొంత దూరంలో ఒక నల్ల చుక్క, ఇంతే బొమ్మ. బ్లాకు చేయించడం దండగ ఖర్చని సంపాదకుడు దాన్ని తీసేశాడు. “కింద ఉన్న బొమ్మను కుడి కంటితో చూడండి” అన్న వాక్యాన్ని మాత్రం జాగ్రత్తగా ఉంచాడు. ఆ వ్యాసం కింద ఒక లేహ్యం ప్రకటన పడింది. ఎంతసేపు చూసినా లేహ్యం సీసా మాయం కావడం లేదని పాఠకులు ఉత్తరాలు రాశారు. పైపెచ్చు నేను పెట్టిన శీర్షికను ‘మెదడు మాయాజాలం’ అని మార్చారు. ఆ తర్వాత బొమ్మ అవసరం లేని పరీక్షలనే వెతుక్కుంటూ వచ్చాను, అవి చాలానే ఉన్నాయి.

అంధ బిందువునే తీసుకోండి. ఎడమ కన్ను మూసుకుని, రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లు రెండూ నిటారుగా పక్కపక్కన పెట్టమనండి. కుడి కంటి చూపును ఎడమ బొటనవేలి మీదే నిలిపి, కుడి బొటనవేలిని మెల్లగా కుడివైపుకు జరపమనండి. జానెడు దూరం వెళ్లే లోపే ఆ వేలి కొన మాయమవుతుంది, ఇంకొంచెం జరిపితే తిరిగి వస్తుంది. కంటి నాడి బయటికి వెళ్లే ఆ చోట పడ్డ బొమ్మ కనిపించదని ఫ్రాన్స్‌లో మరియాట్ అనే శాస్త్రవేత్త 1660లలోనే చూపించాడు, అక్కడ వెలుగును పట్టే కణాలు లేవు. మీరు కూడా ఇంతవరకు రాశారు గానీ, అసలు ప్రశ్న అడగలేదు. వేలు మాయమైన చోట మనకు ఏం కనిపిస్తోంది? నల్లటి చిల్లు కనిపించదు, వెనకున్న గోడ రంగే కనిపిస్తుంది. అక్కడ గోడ ఉందని చెప్పే సమాచారం కంటి నుంచి బొత్తిగా రావడం లేదు, అయినా గోడను చూస్తున్నాం. ఈ ఒక్క సంగతి పాఠకుడు తన వేలితో తాను తెలుసుకుంటే కెమెరా దానంతట అదే కూలిపోతుంది, మీరు దాన్ని ఖండించే పని కూడా ఉండదు.

ఇంకొకటి అద్దం దగ్గర చేయించవచ్చు. ముఖం అద్దానికి దగ్గరగా పెట్టి మీ ఎడమ కంటిని చూడండి, తర్వాత కుడి కంటిని, మళ్లీ ఎడమ కంటిని. పక్కన నిలబడ్డవారికి మీ కనుగుడ్లు అటూ ఇటూ కదలడం స్పష్టంగా తెలుస్తుంది, మీకు మాత్రం ఎంత ప్రయత్నించినా ఆ కదలిక కనిపించదు. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎగిరే ఆ కొద్దిపాటి వ్యవధిలో వచ్చే సమాచారాన్ని మెదడు అణచివేస్తుంది, అణచివేసిన సంగతి కూడా మనకు తెలియనివ్వదు. మనం మెలకువగా ఉన్నంతసేపూ సెకనుకు రెండు మూడుసార్లు ఇలా జరుగుతూనే ఉంటుంది. ఫోన్‌లో ముందువైపు కెమెరా పెట్టి ఇదే పరీక్ష చేస్తే, బొమ్మ రావడంలో ఉండే చిన్న ఆలస్యం వల్ల కదలిక కనిపించేస్తుంది. మీకు కెమెరా మీద అంత మమకారం ఉంటే దాన్ని ఇక్కడ వాడుకోండి.

రుచి గురించిన భాగం తిరగరాయక తప్పదు. నాలుక కొనన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అంటూ మీరు గీసిన పటం పాఠ్యపుస్తకాల నుంచి పాఠ్యపుస్తకాలకు పాకిన పొరపాటు. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచుల మీద రుచుల గ్రహణంలో స్వల్పమైన తేడాలున్నాయన్నాడు. తర్వాతివారు ఆ స్వల్పమైన తేడాలను సరిహద్దులుగా మార్చేశారు. నాలుక కొన మీద చుక్క నిమ్మరసం వేసుకుంటే పటం చెరిగిపోతుంది. ఇక కారాన్ని తీపి, పులుపుల సరసన ఎలా కూర్చోబెట్టారు? షడ్రుచుల లెక్క ఉగాది పచ్చడికి సరిపోతుంది, శరీరశాస్త్రానికి సరిపోదు. పచ్చిమిరపకాయలు తరిగిన చెయ్యి గంటసేపు మండటం ప్రతి వంటింట్లోనూ తెలిసిన సంగతే. చేతికి రుచి మొగ్గలు లేవు కదా? మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ తగులుకునే గ్రాహకాన్ని, అంటే నాడి కణం మీద కబురు అందుకునే ద్వారాన్ని, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే గ్రాహకమే అది. అంటే గుంటూరు మిరపకాయ నాలుకను కాల్చడం లేదు, కాలుతోందన్న కబురు మెదడుకు పంపుతోంది, మెదడు దాన్ని నమ్మి చెమట పట్టిస్తోంది. ఈ పరిశోధనకు జూలియస్ 2021లో ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. తెలుగులో రాస్తూ మిరపకాయను వదిలేసి స్ట్రాబెరీ రుచి గురించి రెండు పేరాలు రాయడం నాకు బొత్తిగా అర్థం కాలేదు. వాసన పాత్ర చెప్పాలన్నా స్ట్రాబెరీ అక్కర్లేదు. ముక్కు గట్టిగా మూసుకుని ఇంగువ తాలింపు వేసిన పులిహోర నమలమనండి. ఉప్పు ఉంటుంది, పులుపు ఉంటుంది, ఇంగువ ఉండదు. ముక్కు వదలగానే అది నాలుక మీదే ఉన్నట్టు తిరిగి వస్తుంది. ముక్కులో పుట్టిన కబురును తెచ్చి నోట్లో పెట్టింది మెదడే.

“చూపు వచ్చిన మరుక్షణం లోకమంతా దర్శనమిస్తుంది” అన్న వాక్యం సినిమాల్లోంచి వచ్చింది. కంటి కట్టు విప్పగానే అమ్మను, అన్నను, విలన్‌ను వరసగా గుర్తుపట్టే దృశ్యాలు మనం చాలా చూశాం. పుట్టుగుడ్డివాడు చేత్తో తడిమి తెలుసుకున్న గోళాన్ని, ఘనాన్ని, చూపు వచ్చాక తాకకుండా కళ్లతోనే వేరుచేయగలడా అని 1688లో మోలిన్యూ అనే ఐర్లండ్ పండితుడు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాసి అడిగాడు. ఆ ప్రశ్నకు గట్టి సమాధానాల్లో ఒకటి మన దేశంలోనే దొరికింది. మెదడు పరిశోధకుడు పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టుకతో చూపు లేక, ఎనిమిదేళ్లకూ పదిహేడేళ్లకూ మధ్య వయసులో చికిత్స పొందిన ఐదుగురు పిల్లలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ పిల్లలు వస్తువులను చూసి చూసి పోల్చగలిగారు, తాకి తాకి పోల్చగలిగారు. తాకిన దాన్ని చూపుతో పోల్చమంటే మాత్రం ఊహించి చెప్పినట్టే ఉంది. కొద్ది రోజుల్లోనే ఆ నేర్పు కూడా వచ్చింది. మీ వ్యాసంలో సినిమా వాక్యం స్థానంలో ఈ పిల్లలు ఉండాలి.

రజ్జు సర్ప భ్రాంతి పేరాను కొట్టేయమనను, కుదించమంటాను. తాడును పాముగా భ్రమించడాన్ని మన వేదాంతులు ఏది సత్యమో తేల్చడానికి వాడుకున్నారు, ఆ పని వారిది. మీరు అడగవలసింది వేరు: మసక చీకట్లో ఆ తాడు తీగలాగానో తడిగుడ్డలాగానో కనిపించకుండా పాములాగానే ఎందుకు కనిపించింది? ఆధారం తక్కువైనప్పుడు మెదడు ప్రమాదం ఎక్కువున్న అంచనా వైపు మొగ్గడంలో అర్థం ఉంది, పామును తాడనుకున్నవాడు రెండోసారి అనుకోవడానికి మిగలకపోవచ్చు. “ఆధునిక విజ్ఞానం కనిపెట్టినదంతా మన పూర్వులకు ముందే తెలుసు” అన్న ముక్తాయింపు మాత్రం పూర్తిగా తీసేయండి. మెదడులో పది శాతమే వాడుతున్నామన్న పుకారును కూడా దాని వెంటే పంపించండి. ఆ పది శాతం వ్యాసాలు అడిగి మరీ వేయించుకున్న సంపాదకులు నాకు తెలుసు, ఇప్పుడు వాళ్లే క్వాంటం చైతన్యం అడుగుతున్నారు.

ఇక, చివరి పేరాకు ముందు మీరు రెండే రెండు వాక్యాల్లో చెప్పి వదిలేసిన సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచాను. శుక్లాల ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన మీ అమ్మమ్మగారు, దండెం మీది తన తెల్లచీర చూసి, నీలిమందు ఎందుకంత పోశావని మీ అత్తయ్యను కేకలేశారనీ, కొన్ని నెలలకు ఆ గొడవ దానంతట అదే సద్దుమణిగిందనీ రాశారు. అమ్మా, మీ వ్యాసం ఇదే, మిగిలినదంతా దీని వెనక నడవాలి. వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది, నీలి వెలుగును ఎక్కువగా ఆపేస్తుంది. ఏళ్ల తరబడి ఆవిడ కంటిలోకి దిగింది పసుపు వెలుగే అయినా చీర తెల్లగానే కనిపించింది, ఎందుకంటే తగ్గిన నీలాన్ని మెదడు లెక్క కట్టి సరిచేస్తూ వచ్చింది. పాత కటకం తీసి కొత్తది పెట్టగానే నీలం పూర్తిగా లోపలికి వచ్చింది, మెదడు మాత్రం పాత లెక్కనే కొనసాగించింది, అందుకే తెలుపు నీలంగా మారింది. నెలల మీద అది కొత్త తెలుపును స్థిరపరచుకుంది. చిత్రకారుడు క్లాడ్ మోనే కూడా 1923లో ఆపరేషన్ అయ్యాక నీలం ఎక్కువైందని వాపోయాడు. ఆయన పేరు ఒక్క వాక్యంలో చాలు, మీ అమ్మమ్మగారు ఉండగా ఆయన పెద్ద పీట వేసుకుని కూర్చోవలసిన అవసరం లేదు.

అందుకని ఆవిడ దగ్గరికి వెళ్లి కొన్ని విషయాలు అడిగి రండి. రెండు కళ్లకూ ఒకేసారి చేశారా, విడివిడిగానా? విడివిడిగా అయితే, మధ్య రోజుల్లో ఒక్కో కన్ను మూసి చూసినప్పుడు అదే గోడ, అదే అన్నం రెండు కళ్లకూ ఒకే రంగులో ఉండేవా? వేసిన కటకం తెల్లదా, పసుపు ఛాయ ఉన్నదా? రెండోది కూడా వేస్తారు కనుక ఆస్పత్రి కాగితం చూడండి. చీర సంగతి సద్దుమణిగిన రోజు ఆవిడకు గుర్తుందా, లేక ఎప్పుడు మామూలైపోయిందో తెలియనేలేదా? ఆవిడ చెప్పినట్టే, ఆవిడ మాటల్లోనే రాసుకురండి.

తిరగరాసేటప్పుడు పరీక్షలను వేరే పేరాలుగానో, పెట్టె కట్టిన అంశాలుగానో పెట్టకండి, చోటు చాలనప్పుడు సంపాదకులు ముందుగా కోసేవి అవే. వాదన నడిచే వాక్యంలోనే బొటనవేలిని, అద్దాన్ని, పులిహోరను ఇమిడ్చేస్తే వాటిని తీసిన చోట వాక్యం విరిగిపోతుంది కనుక ముట్టుకోరు. మారుపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని మీరు అడిగిన వాటి గురించి ఇప్పుడు మాట్లాడను. ముందు అమ్మమ్మగారితో మొదలయ్యే ప్రతి పంపండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి