ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే డీడీజీఎస్ ఆవులకు పెట్టొచ్చా?

ప్రశ్న: బెంగళూరు దగ్గర హొసకోటెలో ఆరు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులను మేపుతున్నాను. దాణా అంగట్లో మొక్కజొన్న డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) వేరుశనగ చెక్క కంటే చవగ్గా ఇస్తామంటున్నారు. చెక్క మానేసి ఇదే పెట్టొచ్చా? కానుగ చెక్క కూడా కలపమని ఒకరు చెప్పారు, కలపొచ్చా?
– ఒక పాడి రైతు

జవాబు: డీడీజీఎస్ పెట్టొచ్చు. చెక్క మాత్రం పూర్తిగా మానేయకండి.

ఇథనాల్ తయారీలో మొక్కజొన్నలోని పిండి పదార్థం ఆల్కహాల్‌గా మారిపోతుంది. గింజలో సుమారు మూడింట రెండు వంతులు అదే. మిగిలిన దాన్ని ఆరబెట్టి డీడీజీఎస్‌గా అమ్ముతారు. అందుకే గింజలో 9 శాతం ఉండే మాంసకృత్తులు ఇందులో 27 శాతం దాకా ఉంటాయి. నా భయమంతా ఇదే లెక్క బూజు విషానికీ వర్తిస్తుందనే. గింజలో అఫ్లాటాక్సిన్ అనే ఆ బూజు విషం ఉంటే అదీ దాదాపు మూడింతలవుతుంది. ఆవు తిన్నదాంట్లో కొంత పాలలోకి దిగుతుంది, పాలు కాచినా పోదు. ఆ పాలు మీ ఇంట్లో పిల్లలూ తాగుతారు కదా! అందుకే కొనేముందు ఆ లాట్ ల్యాబ్ రిపోర్టు అడగండి. పశువుల దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు. రిపోర్టు చూపకపోతే ఎంత చవకైనా వద్దు. వేరుశనగ చెక్కకూ ఈ బెడద ఉంది, దాన్నీ చూసే కొనండి.

బస్తా విప్పించి చెయ్యి అడుగుదాకా పెట్టి చూడండి. లోపల వేడిగా తగిలినా, ఉండలు కట్టినా తీసుకోవద్దు. మంచి సరుకు బంగారు పసుపు రంగులో, కాస్త పులిసిన వాసనతో ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే మాంసకృత్తులు సరిగా అరగవు. వానాకాలంలో బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద పేర్చండి.

ఆవు రోజుకు 5 కిలోల దాణా తింటుంటే అందులో ఒక కిలో డీడీజీఎస్ చాలు. పావు కిలోతో మొదలుపెట్టి 10–12 రోజుల్లో పెంచండి. ఇందులో నూనె ఎక్కువ, మోతాదు మించితే పాలలో వెన్న శాతం పడిపోయి డెయిరీలో రేటు తగ్గుతుంది. భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ కాబట్టి రోజూ 50 గ్రాముల మినరల్ మిక్చర్ తప్పనిసరి. పాలు తాగే దూడలకు పెట్టొద్దు.

కానుగ చెక్క మాత్రం వద్దు. అందులోని కరంజిన్ అనే పదార్థం వల్ల ఆవులు మేత తగ్గిస్తాయి, ఒళ్లు చెడుతుంది. పొలానికి ఎరువుగా వేసుకోండి. బయోడీజిల్ కోసం నూనె తీశాక మిగిలే అడవి ఆముదం చెక్క అంతకంటే ప్రమాదం, అది పశువు ప్రాణమే తీస్తుంది. ఎవరైనా ఇస్తామన్నా కొట్టం దరిదాపుల్లోకి రానివ్వకండి.