మా వాడికి పద్దెనిమిదేండ్లు రావద్దట

ప్రశ్న: మాది మక్తల్ వైపు ఒక ఊరు. మా ఆయన బొంబాయిలో బిల్డింగు పనికి పోతాడు, పండుగలకు వస్తాడు. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం. రెండు నెలల కింద దోస్తులతో కలిసి ఫోన్‌లో 'ఇట్ ఫాలోస్' అనే ఇంగ్లిష్ దయ్యం సినిమా చూశాడు. అప్పటి నుంచి లైటు ఆర్పనివ్వడు. నా మంచం పక్కనే పడుకుంటున్నాడు. ఒకరోజు తెల్లవారుజామున గుండె మీద ఎవరో కూర్చున్నారు, కదలలేకపోయిన, అరవలేకపోయిన అన్నాడు. మా అత్తమ్మ గాలి సోకిందని తాయత్తు కట్టించింది. మా తమ్ముడేమో 'వచ్చే ఏడాది నాయిన వెంట బొంబాయి పోయేటోనివి, దయ్యానికి భయపడతవా' అని అందరి ముందు నవ్వాడు. మొన్న రాత్రి నాతో 'అమ్మా, నాకు పద్దెనిమిదేండ్లు రావద్దు' అన్నాడు. ఏమనాలో తెలియక ఊరుకున్న. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ తెల్లవారుజాము సంగతి చెప్పుకుందాం. ఇంట్లో అందరినీ హడలగొట్టింది అదే కదా. కలలు వచ్చే నిద్రలో మెదడు మన కండరాలను కదలకుండా వదులు చేసి ఉంచుతుంది. లేకపోతే కలలో పరుగెత్తిన వాళ్లంతా మంచం దిగి పరుగెత్తేవాళ్లు. ఒక్కోసారి మెలకువ ముందే వచ్చేస్తుంది, ఒళ్లు మాత్రం ఇంకా నిద్రలోనే ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చెయ్యి లేవదు, ఛాతీ మీద బరువుగా ఉంటుంది, గదిలో ఎవరో ఉన్నారనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది. చాలామందికి ఈ వయసులోనే మొదలవుతుంది. నిద్ర చాలనప్పుడు, టెన్షన్‌లో ఉన్నప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ప్రాణానికి ప్రమాదం లేదు.

ఇదంతా బాబుకు పగటిపూట చెప్పండి. మళ్లీ వస్తే పెనుగులాడకుండా, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కాలి వేలు ఒక్కటి కదిపి చూడమనండి. పక్కకు తిరిగి పడుకోమనండి. పడుకునే గంట ముందే ఫోన్ మీ దగ్గర పెట్టేయాలి. తాయత్తు ఉంటే ఉండనివ్వండి, దాని కోసం అత్తమ్మతో గొడవెందుకు? కానీ గాలి సోకిందనే మాట మాత్రం వాడి ముందు ఎవరూ అనకూడదు. ఈ వయసు పిల్లాడు ఆ మాట నమ్మేస్తాడు.

ఇక సినిమా. 2014లో డేవిడ్ రాబర్ట్ మిచెల్ తీసిన అమెరికన్ సినిమా అది. డెట్రాయిట్ శివార్లలో ఉండే కొందరు కుర్రవాళ్ల కథ. శారీరక సంబంధంతో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే శాపం ఒకటి ఉంటుంది. ఒక ఆకారం, ఒకసారి తెలిసినవాళ్ల రూపంలో, ఒకసారి పరాయివాళ్ల రూపంలో, నడుచుకుంటూ వస్తూ ఉంటుంది. పరుగెత్తదు. కారెక్కి ఎంత దూరం పోయినా ఆగకుండా నడిచి వచ్చేస్తుంది. నిజానికి అది పెద్దలు చూసే సినిమా, మీ వాడి వయసుకు తగింది కాదు. అయితే చూసి రెండు నెలలైంది, ఇప్పుడు దాని మీద పంచాయితీ పెట్టి లాభం లేదు. అందులోని కొన్ని దృశ్యాలు చూశానని లోపల సిగ్గుపడుతున్నాడేమో కూడా. ఆ సంగతులు తల్లితో మాట్లాడలేడు. చిన్నాన్నో, నమ్మకమున్న లెక్చరరో, ఎగతాళి చేయని మగవాళ్లు ఎవరైనా పలకరిస్తే మేలు. మీ తమ్ముడికి మాత్రం ఈ పని అప్పజెప్పకండి.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నవి రెండు మాటలు. ఒకటి మీ వాడిది, ఇంకొకటి మీ తమ్ముడిది. పక్కపక్కన పెట్టి చూడండి. 'వచ్చే ఏడాది బొంబాయి పోయేటోనివి' అని మామ అన్నాడు. 'నాకు పద్దెనిమిదేండ్లు రావద్దు' అని అల్లుడు అన్నాడు. ఆ పిల్లాడి వైపు నడిచి వస్తున్నది ఏమిటో ఇక వేరే చెప్పాలా? పాలమూరు పల్లెల్లో మగపిల్లలకు వయసు ఒక్కటే రాదు. కూలీలను వలస పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, బోరు వేసిన అప్పు, అక్క పెళ్లి ఖర్చు కూడా దాని వెంటే వస్తాయి. తాత నుంచి నాయినకు, నాయిన నుంచి కొడుకుకు. మీ ఇంట్లో అప్పు ఉందో లేదో మీరు రాయలేదు. కానీ పెద్దవాళ్లు గుసగుసలాడేది ఈ వయసు పిల్లలు అంతా వింటారు, వినని భాగం ఊహించుకుంటారు. ఆ ఊహే ఎక్కువ భయపెడుతుంది.

కాబట్టి వాడితో మాట్లాడాలి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పడు. పల్లికాయ ఒలుస్తూనో, చేనుకు పోతూనో అడగండి: 'పద్దెనిమిది వస్తే ఏమైతదనుకుంటున్నవ్ బిడ్డా?' అడిగాక ఆగండి. వాడు మాట వెతుక్కుంటున్నప్పుడు మీరు ధైర్యం చెప్పబోకండి. ఇంకొకటి కూడా అడగాలి, కష్టమే అయినా. 'బతకాలని లేదనిపిస్తున్నదా?' అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అవునంటే వాడిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అప్పు ఉంటే ఎంతో, ఎలా తీరుస్తారో చెప్పండి. అది తీర్చే బాధ్యత మీ ఇద్దరిదని చెప్పండి. ఇంటర్ తర్వాత ఏం చేయాలో ఇంకా తేల్చుకోకపోతే, తేల్చుకోలేదనే చెప్పండి. నువ్వెప్పుడూ పోనక్కరలేదని ఉత్త మాట ఇవ్వకండి, రేపు ఆ మాట నిలవకపోతే వాడు మిమ్మల్ని నమ్మడు. డిగ్రీకో ఇంజనీరింగ్‌కో పోతే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈ-పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వివరాలు కాలేజీలో అడిగి రమ్మని వాడినే పంపండి.

ఆ సినిమాలో అమ్మానాన్నలు దాదాపు కనిపించరు. పిల్లలు కూడా వాళ్లకేమీ చెప్పరు. శాపం తగిలిన అమ్మాయి స్నేహితులకు ఆ ఆకారం కనబడదు, అయినా రాత్రిళ్లు ఆమె పక్కనే ఉంటారు. మీరు చేయగలిగిందీ అదే. 'అక్కడేం లేదు' అనే బదులు 'నాకైతే ఏం కనిపిస్తలేదు, కానీ నీ పక్కనే ఉన్న' అనండి. మంచం ఒక్కసారే వేరే గదిలోకి మార్చకండి. ముందు పెద్ద లైటు తీసి జీరో బల్బు పెట్టండి. కొన్ని రోజులయ్యాక మంచాన్ని కొంచెం కొంచెం దూరం జరపండి.

వాళ్ల నాయిన ఫోన్ చేసినప్పుడు, బాగా చదువు అని చెప్పి పెట్టేయకుండా కాసేపు మాట్లాడమనండి. తను మొదటిసారి బొంబాయి బస్సెక్కినప్పుడు ఎన్నేళ్లో, ఎక్కడ పడుకున్నాడో, భయమేసిందో లేదో కొడుకుకు చెప్పమనండి. మన మగవాళ్లు ఇవన్నీ ఊరి కట్ట మీద దోస్తులకు చెబుతారు, ఇంట్లో చెప్పరు.

రెండు మూడు వారాల్లో తేడా కనిపించకపోయినా, తిండి తగ్గినా, కాలేజీ మానేసినా, పూర్తి మెలకువలో పట్టపగలే మనుషులు కనిపిస్తున్నారని, మాటలు వినిపిస్తున్నాయని చెప్పినా డాక్టరుకు చూపించాల్సిందే. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. అక్కడికి వెళితే మొదట మీరు చెప్పాల్సింది చెప్పి బయటికి వచ్చేయండి. మిగతాది వాడు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడుకుంటాడు.