పేలిన నక్షత్రానికి తేదీ వేయడం ఎలా?

ప్రశ్న: వందల ఏళ్ల క్రితం పేలిపోయిన నక్షత్రం శిథిలాలను ఇప్పుడు చూసి, ఆ పేలుడు ఎప్పుడు జరిగిందో ఎలా లెక్కగడతారు? ఆ శిథిలాలు మనకు కనిపిస్తాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇందుకు అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది క్రాబ్ నీహారిక, అంటే పేలిన ఒక నక్షత్రం వెదజల్లిన వాయు మేఘం. (పేరులో పీత ఉంది కదా అని కర్కాటక రాశిలో వెతకకండి, అది ఉన్నది వృషభంలో.) అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ డంకన్ 1921లో, సుమారు పదకొండేళ్ల ఎడంతో తీసిన దాని ఫొటోలు రెండింటిని పోల్చి కొలిచినప్పుడు, అందులోని వాయు పోగులు కేంద్రం నుంచి బయటికి జరిగినట్టు తేలింది. ఆ జరుగుదల ఏడాదికి పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు పదివేలో వంతే అయినా, పదేళ్లు ఆగితే ఫొటో పలక మీద కొలతకు అందుతుంది. అదే వేగంతో పోగులన్నిటినీ వెనక్కి నడిపించుకుంటూ పోతే, అవి ఒక్కచోట కలిసే కాలమే పేలుడు కాలం కావాలి.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ లెక్కకు వచ్చేది 1130 ప్రాంతం. చైనా రాజాస్థానపు ఖగోళ పరిశీలకులేమో, ఆ దిక్కున ఒక ‘అతిథి నక్షత్రం’ (అంతకు ముందు లేని చోట కొత్తగా కనిపించిన చుక్క) 1054 జూలైలో వెలిగిందని, 23 రోజులు పట్టపగలే కనిపించిందని రాసిపెట్టారు. శిథిలాలు దారిలో వేగం పుంజుకోవడమే ఈ తేడాకు కారణం. ఇప్పటి వేగం మొదటి వేగం కన్నా ఎక్కువ కనుక, దానితో లెక్కిస్తే ప్రయాణకాలం తగ్గి, పేలుడు ఆలస్యంగా జరిగినట్టు తోస్తుంది. వాటిని తోస్తున్నదేమిటో 1968లో బయటపడింది: నీహారిక నడుమ సెకనుకు 30 సార్లు తిరిగే పల్సర్, అంటే పేలుడు తర్వాత మిగిలిన నక్షత్రపు చిక్కటి నడిమి ముద్ద. దాని తిరుగుడు క్రమంగా నెమ్మదిస్తోంది. అలా అది కోల్పోయే శక్తే చుట్టూ ఉన్న వాయువును బయటికి నెడుతోంది.

వర్ణపటాన్ని (నీహారిక కాంతిని రంగులుగా విడదీసిన పట్టీని) బట్టి చూస్తే, వాయువు సెకనుకు దాదాపు 1500 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తోంది. దీన్ని ఫొటోలలోని జరుగుదలతో కలిపి లెక్కిస్తే దూరం సుమారు 6500 కాంతి సంవత్సరాలని, అంటే అక్కడి వెలుగు మనల్ని చేరడానికి 6500 ఏళ్లు పడుతుందని వస్తుంది. కాబట్టి 1054 అన్నది వెలుగు భూమికి చేరిన ఏడాది మాత్రమే. అసలు పేలుడు అంతకు 6500 ఏళ్ల ముందటిది.

ఇక చూడటం సంగతి. జనవరి, ఫిబ్రవరి రాత్రులలో రోహిణికి తూర్పున, వృషభం కొమ్ము చివరి నక్షత్రం పక్కనే, ఊరి దీపాలకు దూరంగా నిలబడి చిన్న టెలిస్కోప్ పెడితే మసక మరకలా కనిపిస్తుంది. పోగులు, రంగులు మాత్రం కంటికి ఆనవు.