చుక్కల రాత్రికి తిథి చూసుకోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేం ఆరుగురు స్నేహితులం. అందరివీ హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు, దొరికేది శని, ఆదివారాలే. పాలపుంతను కళ్లారా చూడాలని, ఫొటో తీయాలని ఉంది. అమావాస్య చూస్తే ఎప్పుడూ వారం మధ్యలోనే పడుతోంది. ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: అమావాస్యే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. పాలపుంతలో బాగా వెలిగే మధ్యభాగం వృశ్చికం, ధనుస్సు రాశుల వైపు ఉంటుంది. అది ఆకాశంలో ఉన్నంతసేపూ చంద్రుడు లేకపోతే చాలు. మార్చి మధ్యలో అది రాత్రి ఒంటిగంటకు ఆగ్నేయాన లేస్తుంది. ఏప్రిల్ మధ్యకు పదకొండింటికి, మే మధ్యకు తొమ్మిదింటికే వచ్చేస్తుంది. కాబట్టి వేసవిలో శుద్ధ పాడ్యమి నుంచి సప్తమి దాకా ఏ శనివారం వచ్చినా వెళ్లండి. సప్తమి నాటి చంద్రుడు కూడా అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు, ఆ తర్వాత తెల్లవారుజాము వరకు చీకటే. అదే బహుళ ఏకాదశి నాడు వెళ్లారనుకోండి, ఫొటోలు మంచి ఊపు మీదున్న వేళకు చంద్రుడు లేచి కూర్చుంటాడు.

అక్టోబరులో లెక్క తిరగబడుతుంది. చీకటి పడేసరికే పాలపుంత నైరుతిలో ఉంటుంది, తొమ్మిదిన్నరకల్లా దిగిపోతుంది. అప్పుడు బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా రోజులు మంచివి. చంద్రుడు లేచేసరికి మీ పని అయిపోతుంది.

చోటు కూడా దీన్నిబట్టే. వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తూర్పున హైదరాబాద్ వెలుగు ఉంది. వేసవిలో ఆగ్నేయం నుంచి లేచే పాలపుంత ఆ వెలుగు పక్కనే పైకి రావాలి. అందుకే అనంతగిరిని అక్టోబరు రెండో సగానికి అట్టిపెట్టుకోండి, నగరం వీపు వెనక ఉంటుంది. వేసవికి కడప జిల్లాలోని గండికోట మేలు. జమ్మలమడుగు దీపాలు తూర్పున ఉన్నా నడినెత్తి ఆకాశం నల్లగానే ఉంటుంది. శుక్రవారం రాత్రే బయల్దేరితే శనివారం మధ్యాహ్నం నిద్రపోవచ్చు. ఆ నిద్ర తప్పనిసరి, ఎందుకంటే పాలపుంత బాగా పైకొచ్చి మీ అసలు పని మొదలయ్యేది ఒంటిగంట తర్వాతే. పెన్నా లోయ అంచున చాలాచోట్ల అడ్డుకంచె లేదు. ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో పగలే చూసి, దిక్సూచితో దక్షిణం గుర్తుపెట్టుకోండి. చీకట్లో అంచుకు వెళ్లి కోణాలు వెతకొద్దు. శ్రీశైలం వైపు వెళ్లాలనుకుంటే మన్ననూరు–దోమలపెంట అటవీ మార్గంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలు వదలరని గుర్తుంచుకోండి.

ఆరుగురంటున్నారు కాబట్టి ఒక్క మాట. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది. ఒక్కరు ఫోన్ తెర వెలిగిస్తే అందరికీ మళ్లీ మొదటికొస్తుంది. టార్చీలకు ఎర్ర జిలుగు కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. కారు లోపలి లైటు ముందే ఆపేయండి, లేకపోతే నీళ్ల సీసా కోసం ఎవరో తలుపు తీసిన క్షణంలో ఫొటో పాడవుతుంది.

ప్రశ్న: నా కెమెరాకు 18–55 కిట్ లెన్స్ ఉంది. 30 సెకన్లు పెట్టి తీస్తే చుక్కలు చిన్న గీతల్లా వస్తున్నాయి, పైగా ఉబ్బినట్టున్నాయి. కొత్త లెన్స్ కొనాలా? – కర్నూలు పాఠకురాలు

జవాబు: వద్దు. డబ్బుంటే ముందు గాలికి ఊగని ట్రైపాడ్ కొనండి. మీ ఫొటోలో ఉన్నవి రెండు వేర్వేరు తప్పులు.

గీతలకు కారణం భూభ్రమణం. ఎన్ని సెకన్లు తీయాలో తెలియాలంటే 500ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మి.మీ.లో ఉండే అంకె) భాగించమని చెప్పే పాత సూత్రం నేటి 24 మెగాపిక్సెల్ సెన్సర్లకు సరిపోదు, 300 తీసుకోండి. చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) కెమెరాలో 18 మి.మీ. అంటే పెద్ద సెన్సర్ కెమెరాలోని 27తో సమానం. 300ను 27తో భాగిస్తే 11 సెకన్లు. 10 లేదా 13 దగ్గర పెట్టండి. లెన్స్ ద్వారం (అపెర్చర్) ఎఫ్/3.5, కాంతి సున్నితత్వం (ఐఎస్ఓ) 3200, రంగుల సర్దుబాటు (వైట్ బ్యాలెన్స్) 4000, ఫైలు కెమెరా మార్పులు చేయని ‘రా’ రూపంలో. ఫొటో చీకటిగా ఉంటే ఐఎస్ఓ 6400కు పెంచండి, సమయం మాత్రం పెంచొద్దు. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేయాలి, లేకపోతే లేని కదలికను సరిదిద్దబోయి అదే కదిలిస్తుంది. షట్టర్‌కు 2 సెకన్ల టైమర్ పెట్టండి.

ఉబ్బడం ఫోకస్ తప్పు. లెన్స్‌ను మాన్యువల్‌కు మార్చి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) స్వాతి లాంటి మెరిసే నక్షత్రాన్ని తెర మధ్యకు తెచ్చి పది రెట్లు పెద్దది చేయండి. రింగు మెల్లగా తిప్పుతుంటే లావుపాటి బిళ్ల కుంచించుకుపోయి చుక్కవుతుంది. అప్పటిదాకా కనపడని మసక చుక్కలు దాని చుట్టూ పుట్టుకొస్తాయి. ఇంకొంచెం తిప్పితే మళ్లీ బిళ్లే. ఆ చుక్క దగ్గరికి వెనక్కి వచ్చి, రింగు మీద టేపు అంటించండి. ఆ తర్వాత జూమ్ ముట్టుకున్నారా, ఫోకస్ పోయినట్టే. రాత్రి చల్లబడేకొద్దీ కూడా ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి సరిచూసుకోండి.

ఇక ఐఎస్ఓ పెంచితే ఫొటోలో వచ్చే గరకుదనం (నాయిస్). ఒకే ఫ్రేమును వరసగా 16 సార్లు తీసి సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే అది నాలుగో వంతుకు తగ్గుతుంది. నేలను కదలకుండా ఉంచే ఏర్పాటు కూడా అందులో ఉంది. కిట్ లెన్స్‌కు ఖరీదైన లెన్స్‌తో ఉన్న తేడాలో చాలాభాగం ఇక్కడే పూడిపోతుంది.

ప్రశ్న: ధ్రువ నక్షత్రం చుట్టూ చుక్కలు నిండు వలయాలుగా తిరిగే ఫొటోలు చూశాను. మన దగ్గర అలా రావెందుకు? – కడప పాఠకుడు

జవాబు: ధ్రువ నక్షత్రం ఎత్తు మీ అక్షాంశంతో సమానం. గండికోటలో అది ఉత్తర దిగంతం నుంచి సుమారు 15 డిగ్రీలే. ధ్రువానికి 15 డిగ్రీల లోపలున్న చుక్కలే మనకు అస్తమించవు. మిగతా వలయాలన్నీ నేల దగ్గర తెగిపోతాయి. ఉత్తరాన కొండ అడ్డం లేని చోటు ఎంచుకుని, కెమెరా నిలువుగా పెట్టి, నేలను సన్నగా కింద ఉంచండి. 30 సెకన్ల ఫ్రేములు 120 తీస్తే గంట. గంటకు ఒక్కో చుక్క 15 డిగ్రీల చాపం గీస్తుంది. రెండు ఫ్రేముల మధ్య ఒక సెకను మించి విరామం వద్దు. కెమెరా మెనూలో ‘లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్’ ఆపకపోతే కెమెరా ప్రతి ఫొటో తర్వాత మరో 30 సెకన్లు లోపల పని చేసుకుంటుంది, గీతలు తునకలుగా వస్తాయి. అలాగే ఒకసారి సరిగ్గా పడమటి వైపు కూడా తీసి చూడండి. మన అక్షాంశంలో చుక్కలు దాదాపు నిటారుగా దిగుతాయి. చలిదేశాల ఫొటోల్లో అది దొరకదు.

ప్రశ్న: చలికాలం లంబసింగిలో రెండు గంటలకల్లా ఫొటోలన్నీ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. – విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: లెన్స్ మీద మంచు పట్టింది. ముందు అద్దం ఆకాశంలోకి వేడి వదిలేసి చుట్టూ గాలి కన్నా చల్లబడుతుంది, తేమ దానిమీద చేరుతుంది. తుడిస్తే పది నిమిషాల్లో మళ్లీ పడుతుంది. పవర్‌బ్యాంకుతో నడిచే లెన్స్ హీటర్ పట్టీని పొద్దుగూకగానే చుట్టేయండి, మంచు పడ్డాక కాదు. లెన్స్ ముందు తగిలించే హుడ్ కూడా పెట్టండి. గదికి వెళ్లేముందు కెమెరాను గాలి చొరని కవరులో మూసి, గంట తర్వాతే తీయండి.

ప్రశ్న: కెమెరా లేనివాళ్లం ఏం చూడాలి? – అనంతపురం పాఠకుడు

జవాబు: 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మి.మీ. అద్దాలున్న) బైనాక్యులర్ తీసుకెళ్లండి. చవక టెలిస్కోపు కన్నా అదే నయం. ఏప్రిల్ మధ్యలో రాత్రి పదకొండుకు దక్షిణానికి తిరిగి చేయి చాచి పిడికిలి పెట్టండి. పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తులో నాలుగు చుక్కల త్రిశంకు (సదరన్ క్రాస్) కనపడుతుంది. దానికి ఎడమవైపు, ఇంకాస్త పైన బైనాక్యులర్‌కు మసక దూదిపింజలా తగిలేది ఒమేగా సెంటారి, సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్ర గుచ్ఛం. వాలు కుర్చీలో కూర్చుని మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనించండి, లేకపోతే వణుకులో అది కనపడదు.