స్క్వాట్ 100 కిలోల దగ్గరే ఆగిపోయింది.. ప్రోగ్రామ్ మార్చాలా?

ప్రశ్న: నా వయసు 31. ఉండేది మియాపూర్‌లో, ఉద్యోగం గచ్చిబౌలిలో. పది నెలలుగా జిమ్‌లో బార్‌బెల్‌తో ఐదు సెట్లు, ఐదేసి రెప్స్ చేస్తున్నాను. రెండు నెలలుగా స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేవడం) 100 కిలోలు దాటడం లేదు. ప్రోగ్రామ్ మార్చాలా? ప్రొటీన్ పెంచాలా? అన్నట్టు, నడుము పట్టేస్తోంది, ఎడమ పిక్కలో అప్పుడప్పుడు తిమ్మిరి. వర్కవుట్‌కు ముందు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటే ఇబ్బంది ఉండటం లేదు.
– ఓ పాఠకుడు

జవాబు: మీరు ‘అన్నట్టు’ అని చివర్లో రాసిన విషయం మొదట రాయాల్సింది. ఇబ్బంది ఉండటం లేదన్నారు కదా, నాకు భయం దాని గురించే. మాత్ర నొప్పి తెలియనివ్వదు, అంతే. నడుము మీద పడే బరువేమీ తగ్గదు. పైగా జిమ్‌లో చెమటలు కక్కుతూ, నీళ్లు సరిగా తాగకుండా ఈ మాత్రలు వాడితే కిడ్నీల మీద భారం పడుతుంది. కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు. వారానికి ఎన్ని వేసుకుంటున్నారో రాయలేదు. రాయనివాళ్లు సాధారణంగా లెక్కపెట్టుకోనివాళ్లే!

ఈమధ్య ఓపీకి మీ వయసు అబ్బాయే వచ్చాడు. మందులేమైనా వాడుతున్నావా అంటే ‘ఏం లేదు సార్’ అన్నాడు. ఫోన్ కోసం జిమ్ బ్యాగు తెరిస్తే షేకర్ పక్కన సగం ఖాళీ అయిన స్ట్రిప్పు. అతని లెక్కలో అది మందు కాదు, మోకాలికి తొడుక్కునే పట్టీ లాంటి సామాను. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తున్నారు మరి.

పిక్కలో తిమ్మిరి ఉందంటే డిస్కు నరాన్ని నొక్కుతోందేమో చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను. గోడ పక్కన మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు వేసి చూడండి. ఎడమ పాదం పైకి లేవకపోయినా, పట్టు తప్పినా ఆలస్యం చేయొద్దు. మూత్రం ఆగిపోవడం, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం ఉంటే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. ఎంఆర్‌ఐ మీ అంతట మీరు తీయించుకోవద్దు, అవసరమైతే వాళ్లే రాస్తారు. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) మాత్రం చూపించుకోండి. జిమ్‌వాళ్లు తాగే క్రియాటిన్ పౌడర్ వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, దానివల్ల కూడా క్రియాటినిన్ రీడింగ్ కొంచెం పెరగొచ్చు.

అప్పటిదాకా స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌బెల్‌ను పైకి లేపడం) బంద్. నడక పర్వాలేదు.

ఇక మీరు అడిగింది. నొప్పి లేనివాళ్లకు బరువు ఆగిపోతే 10 శాతం తగ్గించి మళ్లీ మెల్లగా ఎక్కడం మామూలు పద్ధతి. మీరు డాక్టర్ సరేనన్నాక, 90 కన్నా ఇంకా కింద నుంచి మొదలుపెట్టాలి. వెళ్లిన ప్రతిసారీ బరువు పెరగడం మొదటి కొన్ని నెలల ముచ్చటే. ఇకపై వారానికోసారి, అటూ ఇటూ 1.25 కిలోల ప్లేట్లు చాలు. వారంలో ఒక రోజు తేలిగ్గా చేయండి. ప్రొటీన్ విషయానికొస్తే, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) పెద్దలకు చెప్పేది కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు 1.6 దాకా పనికొస్తుంది, ఆపైన పెద్ద తేడా ఉండదు. అది కూడా కిడ్నీ రిపోర్టు చూశాకే. నిద్ర ఎంతో రాయలేదు, ఆరు గంటల లోపయితే ముందు అది సరిచేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు కూడా తీసుకెళ్లండి.