కవరు పారేయకు

చిరంజీవి సంధ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నీకు రాష్ట్రపతి సచివాలయంలో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. మాట పూర్తికాకుండానే గొంతు పూడుకుపోయింది దానికి. నాకు ఆనందం ఒకపక్క, గుబులు ఒకపక్క. నీకు పని చేతకాదని కాదు గుబులు. నీది చురుకైన చెయ్యి, సాయంత్రానికి బల్ల ఖాళీ అయిపోవాలనుకునే రకం. ఆఫీసు సెక్షన్లలో పెద్ద పొరపాట్లు బద్ధకస్తుల కంటే అలాంటి చురుకైన పిల్లల చేతుల్లోనే ఎక్కువ జరుగుతాయి. అందుకే ఈ ఉత్తరం.

చుట్టాలందరూ "రోజూ రాష్ట్రపతిగారు కనిపిస్తారా" అని అడుగుతారు. కనిపించరు. నీకు కనిపించేది కాగితం. జాయినింగ్ రిపోర్టు, పాస్, జీతం ఖాతా లాంటివి అక్కడివాళ్లే చూసుకుంటారు. రాష్ట్రపతి భవన్‌లో 340 గదులున్నాయి. మొదటి వారం దారి తప్పుతావు, కాబట్టి పావుగంట ముందే బయల్దేరు.

కేంద్ర ప్రభుత్వం చేసే కార్యనిర్వాహక పనంతా రాష్ట్రపతి పేరు మీదే జరుగుతుందని రాజ్యాంగం 77వ అధికరణం చెబుతుంది. అంతమాత్రాన ప్రతి ఉత్తర్వూ ఆ బల్ల మీదికి రాదు. "రాష్ట్రపతి ఆదేశానుసారం" అని రాసి, అధికారం ఇచ్చిన అధికారులే మంత్రిత్వ శాఖల్లో సంతకం చేస్తారు. నిజంగా రాష్ట్రపతి సంతకం కోసం వచ్చేవి కొన్నే: బిల్లులు, ఆర్డినెన్సులు, క్షమాభిక్ష అర్జీలు, న్యాయమూర్తుల, గవర్నర్ల నియామకాలు, రాష్ట్రపతి పాలన కోసం 356వ అధికరణం కింద ఇచ్చే ప్రకటనలు. అవి తక్కువే గానీ కొన్నిటి వెనక ఒక గడువు నడుస్తూ ఉంటుంది. ఆర్డినెన్సు పార్లమెంటు మళ్లీ సమావేశమైన ఆరు వారాలకు పడిపోతుంది. ఉభయ సభలూ వేర్వేరు రోజుల్లో సమావేశమైతే ఆ ఆరు వారాలను తర్వాతి తేదీ నుంచి లెక్కించాలి. 356 కింద ప్రకటనకు రెండు నెలల్లో ఉభయ సభల ఆమోదం కావాలి. ఈ తేదీలు బుర్రలో పెట్టుకోవద్దు. క్యాలెండర్‌లో రాసుకో, గడువుకు పది రోజుల ముందు ఇంకో గుర్తు పెట్టుకో.

బిల్లు వస్తే తొందరపడకు. ముందు పేరు, సంవత్సరం చూడు. కవరింగ్ నోట్‌లోనూ ఆమోదానికి వచ్చిన ప్రతిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. సభాధ్యక్షుల సంతకం ఉందో లేదో చూడు. ద్రవ్య బిల్లయితే, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి డబ్బు సంగతుల బిల్లయితే, దాని మీద స్పీకర్ ధ్రువీకరణ తప్పకుండా ఉండాలి, లేకపోతే పై అధికారికి చెప్పకుండా ఆ ఫైలు కదిలించకు. మామూలు బిల్లును పునఃపరిశీలనకు వెనక్కి పంపవచ్చు, ద్రవ్య బిల్లును పంపడానికి లేదు. రాజ్యాంగ సవరణ బిల్లుకైతే 1971లో వచ్చిన 24వ సవరణ తర్వాత ఆమోదం ఇవ్వాల్సిందే. ఆ నిర్ణయాలు నీవి కావు, నిజమే. కానీ ఏ బిల్లు ఏ రకమో తెలియకపోతే నీ నోట్‌లో ఒక తప్పుడు వాక్యం దొర్లుతుంది, నీ పైనున్న నలుగురూ దాన్నే నమ్ముతారు.

అన్నిటికంటే ముఖ్యం ఆమోదం తేదీ. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, కొత్త చట్టంలో అమలు తేదీ వేరే చెప్పకపోతే, రాష్ట్రపతి ఆమోదం పొందిన రోజునే అది అమల్లోకి వస్తుంది. అంటే ఆ రోజు తెల్లవారకముందు, అర్ధరాత్రి నుంచే. నువ్వు రిజిస్టర్‌లో 7 బదులు 1 వేశావనుకో, ఆరు రోజుల పాటు ఎవరి మీద పన్ను పడిందో, ఎవరు చేసింది నేరమయిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. సంతకం పక్కన, నోట్‌లో, రిజిస్టర్‌లో, బయటికి వెళ్లే ఉత్తరంలో ఉన్న నాలుగు తేదీలనూ పక్కపక్కన పెట్టుకో. పక్క సీటు వాళ్లను ఒకటి పైకి చదవమను, మిగతావి నువ్వు వేలు పెట్టి చూసుకో. కంటితో పోలిస్తే తప్పు కనపడదు, చెవికి వినపడుతుంది.

క్షమాభిక్ష ఫైళ్లు హోం శాఖ ద్వారా వస్తాయి. ఇప్పుడు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 472వ సెక్షన్ గడువులు పెట్టింది: రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం, జైలు రికార్డులు అందాక 60 రోజుల్లో కేంద్రం తన సిఫారసు పంపాలి. రాష్ట్రపతి ఉత్తర్వు అందిన 48 గంటల్లో ఆ రాష్ట్ర హోం శాఖకూ జైలు సూపరింటెండెంటుకూ తెలియజేయాలి. అంతకుముందే, 2014 జనవరిలో, శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. చాలామంది విషయంలో కారణం, వాళ్ల అర్జీలు ఏళ్ల తరబడి తేలకపోవడమే. కాగితం కదలని ప్రతి రోజూ అక్కడ ఒక మనిషి తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. అలాంటి ఫైలు నీ బల్ల మీద రాత్రి నిద్ర చేయకూడదు. ఏదైనా తక్కువైతే, ఏ కాగితం తక్కువో పేరు పెట్టి అడుగు. "మరిన్ని వివరాలు కావలెను" అని మాత్రం ఎప్పుడూ రాయకు. ఆ వాక్యానికి ఎవరూ జవాబివ్వలేరు.

ఇక అర్జీలు. నీ పనిలో ఎక్కువ భాగం ఇదే అవుతుంది, నా భయమంతా ఇక్కడే ఉంది.

ఏ పౌరుడైనా తన బాధను దేశంలోని ఏ భాషలోనైనా రాసుకోవచ్చని 350వ అధికరణం హామీ ఇచ్చింది. తెలుగులో వచ్చినవన్నీ చివరికి నీ బల్ల మీదికే చేరతాయి, తెలుగు చదవగలిగినవాళ్లు అక్కడ ఎంతమంది ఉంటారు గనక. కాబట్టి ఒక పాత తప్పు గురించి నీకు వివరంగా చెప్పాలి. ఏ ఆఫీసో అడగకు. ఆ ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఒకావిడ భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ రాలేదని ఆవిడ తెలుగులో అర్జీ పెట్టుకుంది. సెక్షన్‌లో డైరీ నంబరు వేశారు, సంబంధిత శాఖకు పంపారు, ఆవిడకు అక్నాలెడ్జ్‌మెంట్ వెళ్లింది. ఇంతవరకూ సరిగ్గానే జరిగింది. శాఖవాళ్లు చూస్తే సర్వీసు పుస్తకంలో భార్య పేరు ఒకలా ఉంది, ఆవిడ గుర్తింపు కార్డులో ఇంకోలా ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని తహసీల్దారు సర్టిఫికెట్ పంపమని ఉత్తరం రాశారు. ఆవిడ తిరిగి తిరిగి ఆ సర్టిఫికెట్ సంపాదించింది. కానీ శాఖకు పంపలేదు. తాను మొర పెట్టుకున్నది ఎవరికో వాళ్లకే పంపింది. ఆవిడ లెక్కలో ప్రభుత్వమంటే ఒకటే ఇల్లు, అన్ని కాగితాలూ ఒకే గుమ్మం గుండా లోపలికి వెళ్తాయి.

సెక్షన్‌లో ఆ కవరు విప్పిన కుర్రాడు మంచివాడు, పనిమంతుడు. కంప్యూటర్‌లో పేరు కొట్టాడు. పాత నంబరు కనిపించింది, అదే పేరు, అదే ఊరు. తెలుగు రాదు, పక్క సెక్షన్‌లో ఎవరినో అడిగితే పైనుంచి కిందికి ఒకసారి చూసి "పెన్షన్ సంగతే" అన్నారు. "ఇదే విషయంపై అర్జీ ఇదివరకే పంపబడినది, దాఖలు చేయవచ్చు" అని, అంటే ఇక ఫైలు మూసేయవచ్చని, నోట్ రాశాడు. పై అధికారి సంతకం పెట్టాడు. అసలు సర్టిఫికెట్, తహసీల్దారు గుండ్రటి ముద్రతో సహా, మూసేసిన ఫైలులోకి వెళ్లిపోయింది. ఆ మధ్యలో ఆవిడ కూతురింటికి మారింది. కొత్త చిరునామా ఉత్తరంలో రాయలేదు, కవరు వెనక రాసింది. కవరు చెత్తబుట్టలోకి వెళ్లింది. శాఖ పంపిన రిమైండర్లు పాత ఇంటి తాళం చూసి వెనక్కి వచ్చాయి. "అర్జీదారు స్పందించలేదు" అని అక్కడా ఫైలు మూసేశారు.

ఏడాదిన్నర తర్వాత మూడో ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. చివరిది: "ఇంకేమి పంపాలో చెప్పండి, పంపుతాను."

చూడు సంధ్యా, ఎవరి రిజిస్టర్ వాళ్లు తెరిచి చూసుకుంటే ఎవరిదీ తప్పు లేదు. డైరీ నంబరుంది, నోట్ ఉంది, సంతకముంది, తేదీ ఉంది. అదే నన్ను భయపెడుతుంది. అందుకని నేను చెప్పేది చేస్తానని మాటివ్వు.

కవరు పారేయకు. ఉత్తరం వెనకే పెట్టి స్కాన్ చేయించు. పోస్టు ముద్ర తేదీ, పంపినవాళ్ల చిరునామా దాని మీదే ఉంటాయి. విప్పగానే జతపరిచిన కాగితాలు లెక్కపెట్టి, మొదటి పేజీ మీద పెన్సిల్‌తో "జత: 3, అందులో అసలు: 1" అని రాయి. అసలు పత్రం ఉంటే అది మన దగ్గర ఉండకూడదు. నకలు ఫైలులో పెట్టి, అసలుది ఎవరికి కావాలో వాళ్లకు స్పీడ్ పోస్టులో పంపి ఆ నంబరు నోట్‌లో వేయి. అదే పేరుతో రెండో అర్జీ వస్తే అది పాతదే అని నమ్మకు. రెండూ పక్కపక్కన పెట్టి, రెండోదాంట్లో కొత్త కాగితం, కొత్త తేదీ, కొత్త చిరునామా, కొత్త పేరు ఏదైనా ఉందా చూడు. ఒక్కటి ఉన్నా సరే, అది కొత్త అర్జీయే. పాత నంబరు ఉదహరించి మళ్లీ పంపు. అర్జీ సారాంశం రాసేటప్పుడు "పెన్షన్ గురించి" అని రాస్తే నేను ఊరుకోను! ఎవరు, ఏమి అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, ఏమి జతపరిచారు, ఇంతకుముందు ఎవరు ఏమని జవాబిచ్చారు, ఈ ఐదూ ఉండాలి. మూడు నాలుగు వరసలు చాలు. అర్జీదారుకు పంపే జవాబులో ఫలానా శాఖకు ఫలానా తేదీన ఈ నంబరుతో పంపామని, ఇకపై కాగితాలు నేరుగా వాళ్లకే ఈ చిరునామాకు పంపమని స్పష్టంగా చెప్పు. ఆ ఒక్క వాక్యం మొదటి జవాబులోనే ఉంటే ఆవిడకు ఏడాదిన్నర మిగిలేది.

కోప్పడుతున్నాననుకోకు. చేతి రాత గజిబిజిగా ఉన్న ఉత్తరం కనపడితే పక్కన పెట్టకుండా కూర్చుని చదువుతావని నాకు తెలుసు. చిన్నప్పుడు మీ తాతయ్య గొలుసుకట్టు ఉత్తరాలు ఇంటిల్లిపాదిలో నువ్వొక్కదానివే గడగడా చదివేదానివి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కంప్యూటర్‌లో ఫైళ్లు నడిపే ఇ-ఆఫీస్‌లో ముందు పసుపు నోట్‌లో, అంటే చిత్తుప్రతిలో రాయి, దిద్దుకో, ఆ తర్వాతే ఆకుపచ్చ నోట్‌కి, అంటే ఖాయమైన ప్రతికి మార్చు. ఫైలు పైకి వెళ్లాక ఆకుపచ్చ నోట్‌ను దిద్దే వీలుండదు, ఉండకూడదు కూడా. నోట్‌లో ప్రతి పేరాకూ నంబరు వేయి, ఏ పేజీలో ఉన్నదో చెప్పకుండా ఏ విషయమూ రాయకు. హిందీలో వచ్చిన ఉత్తరానికి జవాబు హిందీలోనే వెళ్లాలి, 1976 నాటి నియమం అది. రహస్య పత్రమైతే రెండు కవర్లు: లోపలిదాని మీద సీలు, "రహస్యం" అన్న ముద్ర, బయటి కవరు మీద చిరునామా తప్ప ఇంకేమీ వద్దు. సమాచార హక్కు దరఖాస్తు వేరే శాఖకు చెందినదైతే 5 రోజుల్లో బదిలీ చేయాలి, మనదైతే 30 రోజుల్లో జవాబివ్వాలి, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలే. శుక్రవారం సాయంత్రం వచ్చిన తపాలా విప్పకుండా ఇంటికి వెళ్లకు, ఆ 48 గంటలవి శనాదివారాల్లోనే దాటిపోతాయి. దేశంలోపలి ఉత్తరాల్లో "హిజ్ ఎక్సలెన్సీ" లాంటి మాటలు 2012లోనే ఆపేశారు. పాత నమూనాలు కాపీ కొడితే అవి మళ్లీ వచ్చేస్తాయి, చూసుకో. శుభాకాంక్షల సందేశాలు రాసేటప్పుడు సంస్థ పేరు వాళ్ల లెటర్‌హెడ్ మీద ఎలా ఉందో అలాగే దించు.

ఆ పెద్ద గుమ్మాలూ గార్డులూ చూసి మొదట్లో గొంతు తగ్గించేస్తావేమో. నోట్‌లో తప్పు కనపడితే ఎంత పెద్ద అధికారి రాసినా సరే, "సార్, మూడో పేజీలో తేదీ ఒకసారి చూడండి" అని చెప్పు. చాలామంది మంచిదైందనే అంటారు. అననివాళ్లకూ చెప్పు.

మధ్యాహ్నం తిండి మానేయకు. ఫైలు పక్కన మాత్రం టిఫిన్ డబ్బా విప్పకు. చేరిన మొదటి నెలలో దిద్దుబాట్లు పడ్డ నీ నోట్లలో పద్ధతి పట్టుబడనివేవో ఫోన్‌లో చెప్పు, లోపలి సంగతులు వద్దు, రాసిన తీరు మాత్రమే. ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ