పాస్‌వర్డ్ అడగడానికే 10 సెకన్లా? ముందు ఆ ఫైర్‌వాల్ ఆన్ చేయండి

ప్రశ్న: మా నెట్‌వర్క్‌లోని లినక్స్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌తో (వేరే కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ మీదుగా భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కనెక్ట్ అయితే పాస్‌వర్డ్ అడగడానికే దాదాపు 10 సెకన్లు పడుతోంది. లోపలికి వెళ్లాక అంతా స్పీడే. ర్యామ్ పెంచాను, ఫైర్‌వాల్ కూడా ఆపేశాను. అయినా అంతే. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఫైర్‌వాల్ ఆన్ చేసి రండి. మిగతాది తర్వాత చదవొచ్చు. ఇదే ఫిర్యాదు నాకు మళ్లీ మళ్లీ వస్తోంది, దాదాపు ప్రతిసారీ రక్షణగా ఉన్నదేదో ఒకటి తీసేశాకే వస్తోంది. ఒకరు ఫైర్‌వాల్ ఆపుతారు, ఇంకొకరు ఎదుట ఉన్నది అసలు సర్వరేనా అని చూసే హోస్ట్ కీ తనిఖీ తీసేస్తారు. ఆలస్యం అలాగే ఉంటుంది, తలుపు మాత్రం తెరిచి ఉండిపోతుంది.

లోపలికి వెళ్లాక స్పీడుగా ఉందంటే ర్యామ్‌తో, ప్రాసెసర్‌తో పనిలేదు. సర్వర్ పని చేయడం లేదు, ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తోంది. ఎవరి కోసమో సెకన్లే చెబుతాయి. పేర్లకీ ఐపీ అడ్రస్‌లకీ జత చెప్పేది డీఎన్‌ఎస్. లినక్స్ ఒక డీఎన్‌ఎస్ సర్వర్ జవాబు కోసం మామూలుగా 5 సెకన్లు ఆగుతుంది, రాకపోతే ఇంకోసారి అడుగుతుంది. రెండూ కలిపితే మీ 10 సెకన్లు. అదే లాగిన్ అయ్యాక 25 సెకన్లు ఆగితే లాగిన్లను చూసుకునే సిస్టమ్‌డీ సర్వీసు, ప్రోగ్రాముల మధ్య సందేశాలు మోసే డీబస్ వైపు చూడాలి.

అనుమానం తీర్చుకోవడం తేలిక. సర్వర్‌లోకి వెళ్లి, మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్‌ని, దాని పేరు వెతికి చెప్పే 'గెట్‌ఎంట్ హోస్ట్స్' కమాండ్‌కి ఇచ్చి గడియారం చూడండి. అక్కడా 10 సెకన్లు ఆగితే దొంగ దొరికినట్టే. మీ ఐపీకి పేరేమిటని సర్వర్ అడుగుతోంది, డీఎన్‌ఎస్ 'లేదు' అని కూడా చెప్పడం లేదు. 'లేదు' అన్నా క్షణంలో పని అయిపోయేది. ఏ డీఎన్‌ఎస్‌ని అడగాలో రాసి ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్‌లో చచ్చిపోయిన డీఎన్‌ఎస్ అడ్రస్ ఉంటే తీసేయండి. డీఎన్‌ఎస్‌లో మీ ఐపీకి పేరు చెప్పే రివర్స్ రికార్డు పెట్టండి, లేదా సర్వర్ హోస్ట్స్ ఫైల్‌లో మీ ఐపీ, పేరుతో ఒక లైను రాయండి.

సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామైన ఎస్‌ఎస్‌హెచ్‌డీ సెట్టింగుల్లో 'యూజ్‌డీఎన్‌ఎస్'ని 'నో' చేసినా ఆలస్యం పోవచ్చు. ఎక్కువమంది వాడే ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2015 నుంచి డిఫాల్ట్ అదే, కాబట్టి మీది అంతకంటే పాతదైతేనో, ఎవరైనా మార్చి ఉంటేనో ఇది పనికొస్తుంది. కానీ ఏ కీలతో లోపలికి రానివ్వాలో రాసే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో 'ఫలానా హోస్ట్ నుంచే రావాలి' అని పేరుతో నిబంధన పెట్టుకుని ఉంటే, అక్కడ పేరు బదులు ఐపీ అడ్రస్ రాయాలి. లేకపోతే ఆ కీ పనిచేయదు. గెట్‌ఎంట్ వెంటనే జవాబిస్తే మాత్రం డీఎన్‌ఎస్‌ని వదిలేసి, ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కి మూడు 'వీ'లు (-vvv) తగిలించి ఏ లైను దగ్గర ఆగుతోందో చూడండి. కెర్బెరోస్ లాగిన్‌ని ప్రయత్నించే జీఎస్‌ఎస్‌ఏపీఐ దగ్గర ఆగితే, మీరు కెర్బెరోస్ (ఆఫీసు నెట్‌వర్క్‌లలో వాడే కేంద్ర లాగిన్ పద్ధతి) వాడకపోతే దాన్ని నిశ్చింతగా ఆపేయొచ్చు.

లాగిన్ ఆలస్యాన్ని చిన్న విషయంగా తీసేయకండి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకి ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటున్నట్టు కనిపించింది. ఎందుకని తవ్వుతూ పోతే ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దాచిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది. ఆయన ఆ అర సెకనుని సర్దుకుపోయి ఉంటే అది ఎన్ని సర్వర్లలోకి పాకేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. మీది అలాంటిదని కాదు, ఇది డీఎన్‌ఎస్ వ్యవహారమే అనిపిస్తోంది. కానీ నిన్నటిదాకా బాగున్న లాగిన్ ఇవాళ నెమ్మదించిందంటే, కారణం తెలిసేదాకా వదలకూడదు.

అసలు నా కోపం ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో పెట్టే చిన్న రౌటర్ల మీద. డీఎన్‌ఎస్ సర్వర్ తామే అని చెప్పుకుంటాయి, లోపలి అడ్రస్‌ల గురించి అడిగితే నోరు విప్పవు. ఒక అప్‌డేట్ రాగానే మనం రాసుకున్న పేర్లన్నీ చెరిపేసేవి కూడా ఉన్నాయి. తెలియకపోతే తెలియదని వెంటనే చెప్పడం డీఎన్‌ఎస్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, దాన్ని పాటించడానికి ఖర్చేమీ లేదు.

ఇంకా తేలకపోతే ఆ మూడు 'వీ'ల అవుట్‌పుట్ పంపండి. యూజర్ పేరు, ఐపీ అడ్రస్‌లు కొట్టేశాకే పంపండి.